మా అరుగు మీద లేచిన వేలు

మా ముత్తాతగారు ఘనాపాఠి. ఆయన తండ్రిగారూ ఘనాపాఠే. గోదావరి పాయల నడుమ వేదం చదువుకున్న ఇళ్లు చాలా ఉండేవి గానీ, చదువుకున్నవాణ్ణి కూర్చోబెట్టి పరీక్షించే అరుగు మాత్రం మాదొక్కటే. రాజోలు వైపు నుంచీ, కొత్తపేట వైపు నుంచీ, ఏరు దాటి రామచంద్రపురం నుంచీ మాఘమాసంలో మా ఇంటికి వచ్చి, పరీక్ష ఇచ్చి, మా తాతగారి చేతుల మీదుగా శాలువా కప్పించుకుంటేనే ఆ మనిషి చదువు పూర్తయినట్టు. జమీందారు మా పూర్వులకు రాసి ఇచ్చిన మాన్యం అరవై ఎకరాల పైచిలుకు. గుడిలో కల్యాణమైతే మొదటి తాంబూలం మాకే. మా తాతగారు వీధిలోకి వస్తే ఎదురొచ్చే బండివాడు ఎడ్లను ఆపి దిగి నిలబడేవాడు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను. నాకు ఊహ తెలిసేనాటికి మాన్యంలో ఎనిమిది ఎకరాలు మిగిలింది. తాంబూలం మూడోదో నాలుగోదో అయింది. అరుగు మాత్రం ఉంది.

ఆ అరుగు మీద పరీక్ష ఎలా జరిగేదో ముందు చెప్పాలి. ముగ్గురు పరీక్షాధికారులు వరుసగా పీటల మీద కూర్చునేవారు. ఎదురుగా చదువుకున్న అబ్బాయి. ఒకరు ఎక్కడిదో ఒక మాట అందిస్తే, అబ్బాయి అక్కడి నుంచి అందుకుని, మాటలను ముందుకీ వెనక్కీ మడుస్తూ ఘన చెప్పుకుపోవాలి. పుస్తకం చూడడానికి వీల్లేదు. తప్పు వస్తే ఎవరూ నోటితో చెప్పేవారు కారు. వేదం నడుస్తుండగా మామూలు మాట దొర్లకూడదని మా ఇంటి ఆచారం. మోకాలి మీద బోర్లా ఆనించిన కుడిచేతి చూపుడువేలు పైకి లేపేవారు, అంతే. అబ్బాయి ఆగి, ఆ పన్నం మొదటికి వెళ్లి, తప్పెక్కడో తనే వెతుక్కుని దిద్దుకోవాలి. పన్నం అంటే యాభై మాటల కట్ట. ఒకవేళ వేలు పొరపాటున లేచిందని లేపినాయనకే అనిపిస్తే, అదే చేతిని మోకాలి మీద వెల్లకిలా తిప్పి పెట్టేవారు. అప్పుడా వేలు లెక్కలోంచి పోయినట్టు. మూడు వేళ్లు లెక్కకు వస్తే అబ్బాయి నమస్కారం చేసి లేచిపోవలసిందే.

పరీక్షాధికారుల పక్కన నాలుగో పీట మా ఇంటి పెద్దది. మా ముత్తాతగారి విద్వత్తు చూసి ఆయన వేలికి కూడా అధికారం ఇచ్చారట. అది అలాగే వంశంలో దిగింది. ఆ నలుగురూ పొద్దున్న మొదలుకుని మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చోవాలి. గోక్కోకూడదు, గోడకు ఆనకూడదు, ఉత్తరీయం సర్దుకోకూడదు. ఒక్క చెయ్యి కదిలినా చెప్పేవాడి గుండె ఆగిపోతుంది మరి. ఒకసారి చూరులోంచి జెర్రి పడి మా తాతగారి వీపు మీదుగా పాకిపోతే ఆయన రెప్ప కూడా వేయలేదట. పరీక్ష ముగిశాక, "ఎటు పోయిందర్రా అది?" అని మాత్రం అడిగారట. మా ఇంట్లో మనిషిని కొలిచే కొలత అదే. పొలం పోయినప్పుడు గాని, మనిషి పోయినప్పుడు గాని మా వాళ్లెవరూ పైకి చలించలేదు. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు.

ఆ కొలతకు నేను చాలలేదు. మా బావ చాలాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. మా అత్తయ్య భర్త పోయాక మూడేళ్ల పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. అతను నాకంటే ఆరు నెలలు పెద్ద. ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం కలిపి పెట్టేది మా అమ్మ. ఇద్దరికీ ఒకేసారి ఒడుగు చేశారు. తాతగారు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని సంత చెప్పేవారు; ఆయన ఒకసారి అంటే మేం రెండుసార్లు అనాలి. పాఠం మధ్యలో హఠాత్తుగా చేతిలో ఉన్న రాగి చెంబును గచ్చు మీద వేసి కొట్టేవారు. ఎన్నిసార్లు కొట్టినా నా భుజాలు ఎగిరిపడేవి. మా బావ మాత్రం చెంబు దొర్లి తన మోకాలికి తగిలినా చెబుతున్న మాట విడిచేవాడు కాదు.

"వీడు మా నాన్నర్రా," అన్నారు తాతగారు ఒకనాడు, వీధిలో పోయేవాళ్లు కూడా వినేట్టు. "ముమ్మూర్తులా మా నాన్నే!"

నేను ఆ వంశంలో కొడుకు కొడుకుని. పోలిక మాత్రం కూతురి వైపు వెళ్లిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట విన్న రోజు నుంచి కంచంలో మా బావ వైపు ముద్ద చూస్తే అదే పెద్దదిగా కనిపించేది.

మరుసటేడు నన్ను అమలాపురం హైస్కూల్లో వేశారు. "మాన్యం నమ్ముకుని బతికే రోజులు పోయాయి, ఒక్కడన్నా ఇంగ్లీషు చదవాలి," అన్నారు మా నాన్నగారు. ఆ ఒక్కణ్ణి నేనయ్యాను. బావ అరుగు మీదే ఉండిపోయాడు. నేను సాయంత్రం బస్సు దిగి వస్తుంటే వీధి మొదట్లోనే అతని గొంతు వినిపించేది. నా అరుగు మీద, నా తాతగారి ఎదుట.

మా అత్తయ్య కాకినాడ ఆసుపత్రిలో పోయింది. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. టెలిగ్రాం నేనే అందుకున్నాను, ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కనుక చదివిందీ నేనే. పైకి చదువుతూ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను. నాకు నీళ్లు పోసింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది, ఎందుకు ఏడవను? అరుగు మీద బావ వల్లిస్తున్నాడు. నేను చదివింది విన్నాడు. చెబుతున్న పన్నం చివరిదాకా చెప్పి, తాతగారికి నమస్కారం చేసి లేచి, నూతి దగ్గరికి వెళ్లి నెత్తిన రెండు చేదల నీళ్లు పోసుకుని వచ్చాడు.

"కాకినాడ బస్సు ఎన్నింటికి బావా?" అని అడిగాడు.

తాతగారు నాకేసి చూశారు. "లే. తల్లి పోయింది వాడికి. ఏడుపు నీదా?" అన్నారు. అని, తడిగుడ్డలతో నిలబడ్డ బావ వీపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి నా వీపు మీద ఎన్నడూ పడలేదు.

ఊళ్లో కొందరు బావను రాయి అన్నారు. ఆ మాట కూడా నాకు పొగడ్తలాగే వినిపించింది.

ఆ ఏడాదే కాలేజీలో ఇంగ్లీషు మాస్టారు అన్‌మూవ్డ్ అనే మాట చెప్పారు. ఒంట్లో కదలిక లేనివాడికీ, దేనికీ మనసు కరగనివాడికీ ఇంగ్లీషువాడు ఆ మాటే వాడతాడన్నారు. ఉదాహరణ అడిగితే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఫీజు రాయితీకి అర్జీ పెట్టుకుంటే మన ఆఫీసు గుమాస్తాగారండి," అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. నాకు మాత్రం తడిగుడ్డలతో బస్సు టైము అడుగుతున్న బావ కళ్ల ముందుకు వచ్చాడు. నేను ఆ మాటను నోటుబుక్కులో రాసుకుని, ఎదురుగా అర్థం రాయకుండా వదిలేశాను.

తరవాత తాతగారు పోయారు. నాలుగో పీట మీద కొన్నేళ్లు మా నాన్నగారు కూర్చున్నారు. ఎనభైల మొదట్లో ఆయనా పోతే పీట నాకు వచ్చింది. అప్పటికి నేను అమలాపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాని. నాకు ఘన రాదు. సంత చెప్పుకున్న నాలుగు పన్నాలు కూడా మరిచిపోయాను. ఆ సంగతి అందరికీ తెలుసు.

"ఈయన్ని కూర్చోబెడతారా అండీ?" అని ఒకాయన నా ఎదురుగానే అడిగాడు.

"ఆయ్, కూర్చోబెడితే తప్పేంటండీ," అన్నారు పరీక్షాధికారుల్లో పెద్దాయన. డెబ్భై దాటిన మనిషి, మా తాతగారికి శిష్యుడు. "వేలు లేపక్కర్లేదు కదా. కదలకుండా కూర్చుంటే చాలు. అది రాజ్యాలు పోయినాళ్లకి కూడా వచ్చును."

నవ్వారు. నేను నవ్వలేదు. నా పని కదలకుండా కూర్చోవడమే అయితే, అదన్నా మా తాతగారిలా చేసి చూపించాలనుకున్నాను. ఆఫీసులో కుర్చీకి వీపు ఆనించడం మానేశాను. బస్సులో చోటున్నా నిటారుగా నిలబడేవాణ్ణి. మొదటి రెండేళ్లూ అరుగు మీద నా చెయ్యి కాదు కదా, చెవి కూడా కదల్లేదు. "వంశం వంశమేనండీ," అన్నవాళ్లున్నారు. బావ అనలేదు. అతను చూసినట్టే లేదు.

మూడో ఏడు బావ ఘన పరీక్షకు కూర్చున్నాడు.

ఘన పరీక్ష మూడు రోజులు. అప్పటిదాకా మా అరుగు మీద మూడు రోజులూ ఒక్క వేలైనా లేవకుండా చెప్పినవాడు మా ముత్తాతగారు ఒక్కరే. మా తాతగారికే ఒకసారి వేలు లేచింది. ఏ పన్నంలో, ఏ మాట దగ్గరో పోయేదాకా తలుచుకునేవారు. అందుకే ఏటా సభ మొదట్లో ఆ ఘనత కింద మా ముత్తాతగారి పేరు ఒక్కటే చదివేవారు. ఆ పేరు చదువుతుండగా జనమంతా మా ఇంటి వైపు తిరిగి చేతులు జోడించేవారు. మాన్యం పోయాక, తాంబూలం పోయాక నాకు మిగిలింది ఆ ఒక్క క్షణమే.

మొదటి రోజు వేలు లేవలేదు. రెండో రోజు లేవలేదు. రెండో రోజు సాయంత్రానికే ఊళ్లో మాట పుట్టేసింది. కొబ్బరి దింపులవాళ్లు కూడా దారిలో నన్ను ఆపి, "రేపు కూడా లేవకపోతే మీ బావగారి పేరు కూడా చదువుతారంటండీ?" అని అడిగారు. వాళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి. మా ముత్తాతగారి పేరు పక్కన వేరే ఇంటిపేరు! మా అన్నం తిని, మా తాతగారి దగ్గర చదువుకుని, మా అరుగు మీద!

మూడో రోజు జనం వీధిలో నిలబడ్డారు. ఆడవాళ్లు కిటికీల దగ్గరా, వీధి గుమ్మం లోపలా కూర్చున్నారు. మా అమ్మ గుమ్మానికి చేరగిలబడి వింటోంది. బావ మఠం వేసుకుని కూర్చుని కళ్లు సగం తెరిచి చెబుతున్నాడు. కణత మీంచి చెమట చుక్క దిగి గడ్డం దగ్గర ఆగి, కింద పడింది. అతను తుడుచుకోలేదు. గొంతులో ఎక్కడా తొందర లేదు. ఇంత మంది కోరుతున్నది తనకు అవసరమే లేనట్టు చెబుతున్నాడు. నేను కోరి కోరి తెచ్చిపెట్టుకున్న నిటారుతనం అతనికి ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా ఉంది. తన పేరు చదివించుకోవాలని అతనికి లేదు. చదివినా చదవకపోయినా అతనికి ఒకటే. నాకు ఒకటి కాదు.

ఇంక రెండు పన్నాలు ఉన్నాయనగా నా వేలు లేచింది.

ఈగ వాలిందని ఆ తరవాత చెప్పాను. ఈగ లేదు.

బావ ఆగాడు. వీధిలో ఎవరో "అయ్యో" అన్నారు. పక్క పీటల మీద ముగ్గురూ తల తిప్పకుండానే నా చేతి వైపు చూశారు. బావ పన్నం మొదటికి వెళ్లి మళ్లీ చెప్పాడు. అదే వేగం, అదే గొంతు. మొదటిసారి చెప్పినదానికీ దీనికీ తేడా లేదని నాకే తెలుస్తోంది, వాళ్లకు తెలియదా? పన్నం ముగిసింది. వేదం ఆగింది కనుక ఇప్పుడు మాట్లాడవచ్చు.

"ఎక్కడండీ తప్పింది?" అని పెద్దాయన నన్ను అడిగారు. "మా ముగ్గురికీ అందలేదు. కాస్త చెబితే మేమూ నేర్చుకుంటాం."

"ఆఫీసు వేదంలో తప్పేమోనండి," అని వీధిలోంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు.

పెద్దాయన నవ్వలేదు. ఆయన గొంతు తగ్గించారు. "చెయ్యి తిప్పండి బాబూ. ఎవరికైనా పొరపాటు వస్తుంది. మీ తాతగారు కూడా రెండుసార్లు తిప్పేరు, నేను చూసేను."

చెయ్యి వెల్లకిలా పెడితే అయిపోయేది. బావ పేరు చదివేవారు. కానీ ఘన రాని మా ఇంటి వేలు ఇన్ని వందల మంది ముందు అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు అయ్యేది. నేను కూర్చున్నాను. మోకాలి మీద చెయ్యి బోర్లా ఉంది. వెన్ను నిటారుగా ఉంది. ఆ రోజు నేను కూర్చున్నంత కదలకుండా మా వంశంలో ఎవరూ కూర్చుని ఉండరు.

చివరికి బావే అన్నాడు: "ఉండనివ్వండి. ఆ వేలు ఈ ఇంటిది. లేచింది, నేను ఒప్పుకున్నాను. మిగతాది చెప్పమంటారా?"

"అదేంటబ్బాయ్, తప్పు లేనిదే..." అన్నారు పెద్దాయన.

"ఆయ్, పొద్దుపోతోందండి," అన్నాడు బావ. మిగతా రెండు పన్నాలూ చెప్పేశాడు. ఒక్క వేలుతో ఘన పూర్తయింది. శాలువా నా చేతే కప్పించారు. వంగి నమస్కారం చేస్తుంటే నేను అతని ముఖంలో వెతికాను. కోపం గాని, బాధ గాని, కనీసం ఏవగింపు గాని. ఏమీ లేదు. శాలువా మడత సరిగ్గా రాలేదని సర్దుకున్నాడు, అంతే.

వంటింట్లో మా అమ్మ వడ్డించకుండా నిలబడింది.

"ఏమైందిరా నీకు?"

"ఈగ వాలిందమ్మా."

"ఈగైతే చెయ్యి తిప్పడానికి ఏం వచ్చింది?"

నేను కంచం ముందుకు లాక్కున్నాను.

"వాడు నీ కంచంలోనే తిన్నాడు కదరా," అంది. "ఒక్కనాడైనా నీ వైపు చెయ్యి పెట్టాడా?" అన్నం పెట్టింది గానీ ఆ పూట మళ్లీ నాతో మాట్లాడలేదు.

మరుసటి మాఘానికి పదిహేను రోజుల ముందు పెద్దాయన దగ్గర నుంచి కార్డు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. ఇంటి ఆడవాళ్లకు శ్రమ ఎక్కువవుతోందనీ, ఈ ఏడు పరీక్ష రాజోలు దగ్గర వేదపాఠశాలలో పెట్టుకుంటున్నామనీ, నేను తప్పక దయచేయాలనీ. నాలుగో పీట గురించి ఒక్క ముక్క లేదు. ఘన పూర్తయ్యాక కాపురంతో అక్కడికి వెళ్లి, ఆ పాఠశాలలో చదువు చెబుతున్నది మా బావే. నేను వెళ్లలేదు. ఆ ఏడూ వెళ్లలేదు, ఆ పై ఏడూ వెళ్లలేదు. మాఘంలో మూడు రోజులు అరుగు కడిగించి, పీటలు నాలుగూ వేయించి, వీధి తలుపులు తీసి ఉంచాను. దారిన పోయేవాళ్లు చూసి ఏమీ అనకుండా పోయేవారు.

మూడో ఏడు నేనే రాజోలు బస్సెక్కాను. పరీక్ష మళ్లీ మా అరుగు మీదికి రావాలి. అడగడానికి వెళ్లాను. జీవితంలో నేను ఎవరినైనా ఒకటి అడగడానికి వెళ్లడం అదే మొదటిసారి.

బావ పాఠశాల పంచలో పిల్లలకు సంత చెబుతున్నాడు. నన్ను చూసి చాప చూపించాడు. పాఠం పూర్తయ్యేదాకా లేవలేదు. నేను కూర్చున్నాను. అయ్యాక వచ్చి మంచినీళ్లు ఇచ్చి, "అత్తయ్య ఎలా ఉంది బావా?" అన్నాడు. అతనికి మా అమ్మ అత్తయ్య.

సంగతి చెప్పాను. విన్నాడు.

"నాకేం అభ్యంతరం లేదు బావా. ఎక్కడ పెట్టినా వేదం వేదమే. ఆ ముగ్గురే రామంటున్నారు."

"నువ్వు చెబితే వస్తారు."

"నేను చెప్పను," అన్నాడు. పరుషంగా కాదు. మంచినీళ్లు అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు. "వాళ్లకు ఇష్టం లేని చోట కూర్చోమని నేనెలా చెబుతాను?"

మంచినీళ్ల గ్లాసు చాప పక్కన పెట్టాను. తరవాత, ఎందుకో నాకే తెలియదు, "ఆ రోజు ఈగ లేదు బావా," అన్నాను.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే. వేలు లేపబోయే ముందు నువ్వు నా నోటి వైపు కాదు, వీధిలో జనం వైపు చూశావు."

"మరి నన్ను ఒక్క మాట అనలేదేం?"

అతను కాస్త ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నా కోసం ఏదో వెతికి ఇద్దామన్నట్టు. "అనడానికి ఏముంది? మొదటి నుంచి చెప్పమన్నావు, చెప్పాను," అన్నాడు. "భోజనం చేసి వెళ్లు. వంకాయ కూర చేశారు."

భోజనం చేశాను. కూర బాగుంది. వడ్డిస్తున్న అతని భార్య మా ఇంటి సంగతులు అడుగుతుంటే సమాధానాలు చెప్పాను. అతను నన్ను తిట్టి ఉంటే ఇంత భారం ఉండేది కాదు. క్షమించానని అన్నా తీసుకునేవాణ్ణి కాను గానీ, అదన్నా నాకోసం అతనిలో ఏదో కదిలినట్టు ఉండేది. నేను చేసిన పనుల్లోకెల్లా పెద్దది ఆ వేలు లేపడమే. నా వంశం పరువంతా పెట్టి చేశాను. అది అతని దాకా చేరనే లేదు. తిరుగు బస్సులో చోటున్నా నేను నిలబడే వచ్చాను. ఇప్పటికీ మాఘంలో అతని గొంతు గుర్తొస్తే నాకు పశ్చాత్తాపం కంటే ముందు అసూయే కలుగుతుంది. ఇది రాస్తున్నప్పుడూ అదే కలుగుతోంది.

పరీక్ష మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ వేసవిలో, సభ వంటలకు వాడే ఇత్తడి గుండిగలు నాలుగూ, గంగాళాలు రెండూ, గంజి వార్చే సిబ్బితో సహా, అమలాపురం నుంచి వచ్చిన పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేశాం.